జరిమానా ఎవరి పద్దులో?

1977లో నేను ప్లీడరుగా పేరు నమోదు చేయించుకున్న కొత్తలో, కోస్తాలోని ఒక చిన్న పట్టణపు మేజిస్ట్రేటు కోర్టులో చూసినదానితో ఈ వ్యాసం మొదలుపెట్టక తప్పదు. చరిత్ర రాసేవాడికి సొంత అనుభవం ప్రమాణం కాదని తెలుసు. కాని ఆ రోజు పుట్టిన ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తేనే ఈ చరిత్ర నాకు తెలిసింది. అది దాచిపెట్టి నేరుగా చట్టాలూ తేదీలూ రాస్తే పాఠకులకు సగమే చెప్పినవాణ్ణవుతాను.

ముందురోజు రాత్రి బస్టాండు వెనక ఇళ్ళమీద పోలీసులు దాడి చేసి ఏడుగురు ఆడవాళ్ళను పట్టుకొచ్చారు. కోర్టు వరండాలో గోడవార కూర్చోబెట్టారు. అందరూ కొంగులు ముఖాలమీదికి లాక్కున్నారు. అందరిమీదా ఒకటే సెక్షను, 1956 నాటి వ్యభిచార వ్యాపార నిరోధక చట్టంలో ఎనిమిదోది. బహిరంగ స్థలంలో విటులను పిలిచారన్నది నేరం. వాళ్ళను పట్టుకున్నది ఇళ్ళలో, గదుల్లో. అయినా కాగితంలో బస్టాండు అని ఉంది. ఒక్కొక్కరినే పిలిచారు. నేరం ఒప్పుకుంటావా అని అడగడం, ఒప్పుకుంటున్నాననడం, యాభై రూపాయల జరిమానా. ఏడు కేసులకూ కలిపి పావుగంట పట్టలేదు. ఆ గదుల్లో వాళ్ళతోపాటు దొరికిన మగవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

జరిమానా కట్టడానికి ఒకావిడ ముందుకొచ్చింది. పెద్ద వయసు, జరీ అంచు చీర, చేతిలో గుడ్డసంచీ. మూడువందల యాభై రూపాయలూ లెక్కపెట్టి ఇచ్చి రసీదులు తీసుకుంది. ఎవరని మా సీనియరు గారి గుమస్తాను అడిగాను.

"ఆవిడే బాబూ కంపెనీ నడిపేది."

"మరి ఆవిడమీద కేసు లేదా?"

"ఆవిడమీద కేసయితే ఈ జరిమానాలు ఎవరు కడతారు బాబూ?" అని నవ్వాడు. తర్వాత నేను నవ్వలేదని చూసి కాస్త గొంతు తగ్గించాడు. "ఊరికే కట్టదు లెండి. పద్దు రాసుకుంటుంది. వీళ్ళు తీర్చుకోవాలి."

అప్పటికి ఎమర్జెన్సీ ఎత్తేసి కొద్ది నెలలే. వెట్టిచాకిరీ రద్దయిందనీ, పేదవాడి అప్పు రద్దయిందనీ గోడలమీద రాసిన రాతలు ఇంకా చెరిగిపోలేదు. ఆ కోర్టు ప్రహరీమీదే ఒకటి ఉంది. మనుషులను అమ్మడం కొనడం ఆపడానికి వచ్చిన చట్టం విధించిన జరిమానా, అమ్ముడుపోయిన మనిషి అప్పులో ఎలా కలిసింది? ఇదీ నా ప్రశ్న.

మన దేశంలో ఆధునిక శిక్షాస్మృతి 1860లో వచ్చింది. అందులో 372, 373 సెక్షన్లు పదహారేళ్ళ లోపు పిల్లను వ్యభిచారం కోసం అమ్మడాన్నీ, కొనడాన్నీ నేరం చేశాయి. పదేళ్ళ దాకా శిక్ష. చూడటానికి ఎంతో గొప్ప చట్టం. అయితే అదే స్మృతి భార్య విషయంలో పదేళ్ళు నిండితే చాలునంది. 1891లో పెద్ద గొడవ జరిగి ఆ పది పన్నెండయింది. ఒకే పుస్తకంలో, ఒకే పాలకుల చేతిమీదుగా, పిల్లను అమ్మితే పదహారేళ్ళ లెక్క, పెళ్ళిచేస్తే పదేళ్ళ లెక్క. మరి అమ్మి పెళ్ళిచేస్తే?

ఇది మాటవరసకు అడుగుతున్నది కాదు. గురజాడ 1897లో అచ్చువేసిన 'కన్యాశుల్కం' నాటకానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళపాటు జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా తీయించాడు. మొత్తం 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు పుచ్చుకుని ఏడాది పిల్లను ఇంకొకరికి ఇచ్చేయడాన్ని మామూలు తెలుగులో ఏమంటారో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. దీన్ని అదుపు చేయాలని మహారాజు మద్రాసు శాసనసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. 372 సెక్షనేమో వీళ్ళ జోలికి రాలేదు. ఎందుకంటే అది పెళ్ళి.

గురజాడ ఆ నాటకంలో మధురవాణిని ఎందుకు పెట్టాడన్న చర్చ మన విమర్శకులు చాలా చేశారు. వేశ్యకు అంత మంచితనం అంటగట్టాడని కోప్పడ్డవాళ్ళున్నారు, పతితోద్ధరణ అని మెచ్చుకున్నవాళ్ళున్నారు. నాకు తోచేది ఇంకొకటి. ఆ నాటకంలో అగ్నిహోత్రావధాన్లు కూతురి ధర మాట్లాడుకుంటాడు, లుబ్ధావధాన్లు కొనుక్కుంటాడు, గిరీశం మాటలమ్ముకుని బతుకుతాడు. తన బేరం తానే, తన పేరుమీదే మాట్లాడుకునేది మధురవాణి ఒక్కతే. ఆ రోజుల సంస్కర్తల కన్ను మాత్రం ఆమెమీదే పడింది.

ఇక తెల్లదొరల సంగతి. పిల్లల అమ్మకాన్ని నేరం చేసిన సర్కారే తన సైన్యం కోసం ఆడవాళ్ళను ఏర్పాటు చేసుకునేది. 1864 కంటోన్మెంటు చట్టం, 1868 అంటురోగాల చట్టం వచ్చాక సైనిక స్థావరాల్లోనూ, మద్రాసు, కలకత్తా, బొంబాయి వంటి నగరాల్లోనూ వేశ్యలు పేరు నమోదు చేయించుకుని టిక్కెట్టు తీసుకోవాలి. గడువు ప్రకారం శరీర పరీక్షకు రావాలి. రోగముందని తేలితే లాక్ ఆసుపత్రి అనే చోట నిర్బంధం. పరీక్షకు రాకపోతే జైలు. సోల్జరుకు మాత్రం పరీక్ష లేదు. రోగం ఒకరినుంచి ఒకరికి అంటేదే అయినా, చట్టం దృష్టిలో అది ఆడదానినుంచి మగవాడికి మాత్రమే అంటింది.

1869లో కలకత్తాలో సుఖిమణి రౌర్ అనే ఆమెను పరీక్షకు రాలేదని జైల్లో పెట్టారు. ఆమె హైకోర్టుకు అర్జీ పెట్టుకుంది. నేను వేశ్యను కానే కాను, కాబట్టి పరీక్షకు వెళ్ళలేదన్నది ఆమె వాదన. కోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. నమోదు ఆమె ఇష్టప్రకారం జరగాలి తప్ప పోలీసు రాసుకుంటే సరిపోదన్నది. ఇంగ్లీషు చదువుకున్న మన పెద్దమనుషులు హక్కుల గురించి మహాసభలు పెట్టుకోవడానికి పదహారేళ్ళ ముందు మాట ఇది. జాతీయోద్యమ చరిత్రల్లో ఆమె పేరు నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇంగ్లండులో జోసెఫీన్ బట్లర్ తదితరుల పోరాటంతో ఇలాంటి చట్టాలు 1886లో రద్దయ్యాయి. సరిగ్గా ఆ ఏడాదే, జూన్ 17న, భారత సైన్యపు క్వార్టర్ మాస్టర్ జనరల్ కార్యాలయంనుంచి రెజిమెంట్లన్నిటికీ ఒక సర్క్యులరు వెళ్ళింది. బజార్లలో ఆడవాళ్ళు సరిపడినంతమంది ఉండేట్టు చూడాలనీ, వాళ్ళు చూడ్డానికి ఆకర్షణగా కూడా ఉండాలనీ దాని సారాంశం. అప్పటి సేనాధిపతి ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1888లో ఈ కాగితం బయటపడి లండనులో దుమారం రేగింది. పార్లమెంటు తీర్మానం చేసింది, ఇక్కడి చట్టం రద్దయింది. కాని 1892లో ఇద్దరు అమెరికన్ స్త్రీలు, ఎలిజబెత్ ఆండ్రూ, కాథరిన్ బుష్నెల్, కంటోన్మెంట్లలో తిరిగి చూస్తే పాత పద్ధతే కొత్త పేర్లతో నడుస్తూ కనిపించింది. సర్కారు మొదట బుకాయించి తర్వాత ఒప్పుకుంది.

తార్పుడు పని చేసేవాణ్ణి మన భాషలో ఎంత నీచంగా చూస్తామో తెలుసు కదా. ఆ పనిని ఒక సామ్రాజ్యం అచ్చువేసిన కాగితాలమీద, సంతకాలతో చేసింది.

ఈ నేపథ్యం తెలిస్తేనే 1893 నాటి మద్రాసు అర్జీ విలువా, దాని పరిమితీ తెలుస్తాయి. ఆ సంవత్సరం మద్రాసు హిందూ సంఘ సంస్కరణ సమాజంవారు భోగం మేళాలున్న సభలకు రావద్దని వైస్రాయినీ గవర్నరునూ కోరారు. మేం చూసిన మేళాల్లో అసభ్యమేమీ కనిపించలేదని ఆ దొరలు జవాబిచ్చారు. మన దగ్గర వీరేశలింగంగారు అంతకు చాలాముందునుంచే 'వివేకవర్ధని'లో మేజువాణీలమీద కత్తికట్టారు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆ పోరాటాన్ని ఒక వ్రతంగా నడిపారు. ఆ మహనీయుల చిత్తశుద్ధిని శంకించడం నా ఉద్దేశం కాదు. పెద్దమనిషితనానికి భోగంమేళం గుర్తుగా ఉన్న సంఘంలో, పెళ్ళిపందిట్లో మేళం వద్దని లేచిపోవడానికి గుండె కావాలి.

అయితే వాళ్ళు ఏది అడిగారు? మేళానికి వెళ్ళవద్దని పెద్దమనుషులను అడిగారు. తప్పు చేసేవాడికి అది నీతిబోధ, తిండి పోయేదానికి అది ఆకలి. మేళం మానేసిన జమీందారు మాన్యం తిరిగి ఇచ్చాడా, కట్టుబాటు తెంచుకున్న ఆడపిల్లకు బడి దొరికిందా అన్న ప్రశ్న ఆ ఉద్యమంలో వెనకబెంచీలోనే ఉండిపోయింది. సాని ఇంటిలో ఆస్తి ఆడపిల్లలకు వచ్చేది. ఆ ఆస్తి పంపకాల తగాదాలు 1864 నాటికే మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళాయి. కోర్టులు ఆ ఆస్తిని గుర్తిస్తూనే, ఆ వృత్తిని నీతిబాహ్యమంటూ వచ్చాయి. ఇంటి ఆడవాళ్ళకు ఆస్తిహక్కు లేని కాలంలో, ఉన్నవాళ్ళను పతితలనడం ఒక విచిత్రం. దీన్ని నేను ఆ వ్యవస్థను మెచ్చుకుంటూ చెప్పడం లేదు. ఆ వ్యవస్థలోనూ పిల్లను ఊహ తెలియకముందే గుడికో, ఎవడో ఒక భూస్వామికో అప్పజెప్పడం ఉంది. పెంచుకోవడానికని పసిపిల్లలను డబ్బిచ్చి తెచ్చుకోవడం ఉంది. 372 సెక్షను కింద మద్రాసు కోర్టులకు వచ్చిన కేసులు చాలావరకు ఇవే. దోపిడీ గుళ్ళో జరిగితే కళ అనీ, సందులో జరిగితే వ్యభిచారం అనీ అనేవాళ్ళతో నాకు ఏకీభావం లేదు.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పటి సంగతి ఒకటుంది. అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల దుర్గాబాయి, దేవదాసీలతోనూ, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలతోనూ ఆయన మాట్లాడాలని పట్టుబట్టింది. స్థానిక నాయకులు ఆయనకిచ్చే నిధికి ఐదువేల రూపాయలు పోగుచేసి తెస్తే పది నిమిషాలు సమయమిప్పిస్తామన్నారు. ఆ డబ్బు పోగుచేయడానికి ముందుకొచ్చింది దేవదాసీలే. గాంధీగారు పది నిమిషాలకు మించే ఉన్నారు. ఆయన హిందీని ఆ పిల్లే తెలుగులో చెప్పింది. ఆడవాళ్ళు ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చారు. దుర్గాబాయి తన జ్ఞాపకాల్లో ఇదంతా గర్వంగా చెప్పుకుంది, గర్వించదగ్గదే. కాని నేను చదివిన ప్రతిసారీ ఆ ఐదువేల దగ్గరే ఆగిపోతాను. మీ బతుకు తప్పు అని చెప్పించుకోవడానికి కూడా వాళ్ళు ముందుగా రుసుం చెల్లించవలసి వచ్చింది.

తర్వాత మద్రాసు చట్టాలు. వైద్యురాలు, మద్రాసు శాసనమండలిలో మొదటి స్త్రీ సభ్యురాలు అయిన ముత్తులక్ష్మీరెడ్డి 1927నుంచి పట్టువదలకుండా పోరాడింది. 1929లో దేవాదాయ చట్టాన్ని సవరించి ఇనాం భూములను గుడిసేవనుంచి విడదీశారు. సేవ మానినా భూమి ఆమెదే. ఈ చరిత్ర మొత్తంలో ఆడదాని చేతికి నీతితోపాటు నేల కూడా ఇచ్చిన చట్టం నాకు ఇదొక్కటే కనిపిస్తుంది. దానికీ చిక్కులున్నాయి. భూమి కాగితాలు చదవగలిగినవాళ్ళు ఇంట్లో మగవాళ్ళే కావడం ఒకటి, అసలు ఇనాం లేనివాళ్ళకు దక్కేది ఏమీ లేకపోవడం మరొకటి. 1930లో వ్యభిచార గృహాలమీద వేరే చట్టం వచ్చింది. చివరికి 1947లో దేవదాసీ సమర్పణ నిషేధం. ఇదంతా జరుగుతున్నప్పుడు బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారు మద్రాసు దేవదాసీల తరఫున అర్జీలు పెట్టారు. మమ్మల్ని ఒక్క ఊపున వేశ్యలని ముద్ర వేయవద్దు, మాకు చదువు చెప్పించండి అన్నది వాళ్ళ కోరిక. నాగరత్నమ్మకు సర్కారుతో తగాదా కొత్తకాదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను ఆమె 1910లో పూర్తిపాఠంతో అచ్చువేయిస్తే బూతు పుస్తకమని నిషేధించారు. ఆ నిషేధం 1947లో ప్రకాశంగారి ప్రభుత్వం వచ్చాకే తొలగింది. దేవదాసీ చట్టమూ ఆ ఏడాదిదే. భోగం ఆడది రాసిన పుస్తకానికి స్వేచ్ఛ వచ్చిన సంవత్సరమే ఆమె వారసత్వం నేరమైంది. ఇందులో న్యాయం ఏ పక్షాన ఉందని ఒక్కమాటలో తేల్చడం నాకు సాధ్యం కాలేదు.

ఇప్పుడు రాజ్యాంగం దగ్గరికి వద్దాం. నా ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది కాబట్టి కొంచెం నిదానంగా చూడాలి.

1948 డిసెంబరు 3న రాజ్యాంగసభ ఒక అధికరణాన్ని చర్చించింది. ఇప్పటి లెక్కలో అది ఇరవైమూడోది. మనుషులతో వ్యాపారాన్నీ, వెట్టినీ, ఆ కోవకు చెందిన నిర్బంధ శ్రమనూ నిషేధించేది. దేవదాసీ ప్రథను కూడా పేరుపెట్టి అందులో చేర్చాలని కె.టి.షా సవరణ తెచ్చాడు. మద్రాసులో ఇప్పటికే చట్టం ఉందన్న జవాబు సభలో వచ్చింది. సవరణ నెగ్గలేదు. ఆ సంగతి అటుంచి, అధికరణం కూర్పు చూడండి. ఆడదాన్ని అమ్మడం, జీతగాణ్ణి అప్పుకింద కట్టేయడం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. రాజ్యాంగం రాసినవాళ్ళకు ఇవి ఒకే చెట్టు కొమ్మలు. రెండిటికీ వేరు, మనిషి కదలకుండా పట్టి ఉంచే బాకీ.

చట్టసభలు ఆ వాక్యాన్ని రెండుగా చీల్చాయి. మనుషుల వ్యాపారంమీద ఐక్యరాజ్యసమితి 1949లో తెచ్చిన ఒడంబడికపై మన దేశం 1950లో సంతకం చేసింది. దాన్ని అనుసరించి 1956లో వ్యభిచార వ్యాపార నిరోధక చట్టం వచ్చింది. నిర్బంధ శ్రమకు మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం నిర్వచనంలో ముప్పై దాకా పేర్లున్నాయి. భాగేలా, జీతా, పాలేరు, వెట్టి. తెలంగాణ పల్లెల్లో తాతలనాటినుంచి వింటున్న మాటలు పార్లమెంటు చట్టంలో అచ్చయ్యాయి. ఈ చట్టం ఒక గొప్ప పని చేసింది. జీతగాడి బాకీ రద్దు. దాన్ని వసూలు చేయమని ఏ కోర్టులోనూ దావా వేయడానికి లేదు. చేయించుకున్నవాడికి జైలు, చేసినవాడికి విముక్తి. నేరస్థుడెవరో బాధితుడెవరో అన్న తికమక అందులో లేదు.

1956 చట్టంలో ఉన్నదంతా తికమకే. వ్యభిచారం దానికదే నేరం కాదంటుంది. కంపెనీ నడపడం, ఆ సంపాదనమీద బతకడం, పిల్లను తెచ్చి అప్పజెప్పడం నేరాలు. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఏడో సెక్షను వస్తుంది, గుడికీ బడికీ ఆసుపత్రికీ రెండువందల గజాల లోపల ఆమెకు శిక్ష. ఎనిమిదో సెక్షను, పిలిస్తే శిక్ష, ఆరునెలల జైలు లేదా ఐదువందల దాకా జరిమానా. ఇరవయ్యో సెక్షను, ఊరు విడిచిపొమ్మని మేజిస్ట్రేటు ఉత్తరువివ్వవచ్చు. సంపాదనమీద బతికేవాళ్ళన్న నిర్వచనంలో పద్దెనిమిది దాటిన కొడుకూ, ముసలి తల్లీ కూడా ఇరుక్కుంటారు. కంపెనీ యజమానిమీద కేసు రుజువు కావాలంటే సాక్ష్యం కావాలి, దర్యాప్తు కావాలి. వరండాలో కొంగు కప్పుకున్న మనిషిమీద కేసుకు ఆమె ఒప్పుకోలు చాలు. పోలీసు ఏది పట్టుకుంటాడో చెప్పడానికి న్యాయశాస్త్రం అక్కర్లేదు. ఇక అప్పు సంగతి. ఆ చట్టం అక్షరం అక్షరం చదివాను. ఆమె బాకీ ఏమవుతుందన్న మాట అందులో లేదు.

చట్టం అమలులోకి వచ్చింది 1958 మే 1న. ఆ రోజే అలహాబాదు హైకోర్టులో హుస్నాబాయి అనే ఇరవైనాలుగేళ్ళ స్త్రీ అర్జీ పెట్టింది. వృత్తిస్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిన హక్కు, నా సంపాదనమీద ఆధారపడ్డవాళ్ళున్నారు, ఈ చట్టం నా నోటిముందు కూడు తీసేస్తుందన్నది ఆమె వాదన. అర్జీ కొట్టేశారు. కాని ఇరవయ్యో సెక్షను చెల్లుతుందా అన్న సందేహాన్ని ఆ న్యాయమూర్తే వెలిబుచ్చాడు. ఆ సందేహం కాన్పూరు కేసులో సుప్రీంకోర్టుకు చేరింది. 1964లో ఆ సెక్షను చెల్లుతుందని తీర్పు రాసింది మన రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావుగారు. పౌరహక్కుల పక్షాన నిలబడ్డ న్యాయమూర్తిగా ఆయనకున్న పేరు అందరికీ తెలుసు. ఆ పేరున్నాయన కూడా ఈమెకు ఊళ్ళో ఉండే హక్కు దగ్గర ఆగిపోయాడు.

1986లో చట్టం పేరు మారింది, నిర్వచనం మారింది. మగవాడు కూడా ఈ చట్టం కిందికి వచ్చాడు. ఎనిమిదో సెక్షను పోలేదు. పైగా అదే నేరం మగవాడు చేస్తే శిక్ష మూడు నెలలకు మించరాదని చేర్చారు. ఆడదానికి ఆరు, మగవాడికి మూడు. ఈ లెక్క ఏ పంచాంగం చూసి కట్టారో!

అక్కణ్ణించి ఇప్పటిదాకా నడుస్తున్న వాదం పాఠకులు ఎరిగిందే. ఒక పక్షం, వ్యభిచారమంటేనే హింస, కొనేవాణ్ణి శిక్షించాలంటుంది. స్వీడను 1999లో ఆ చట్టం తెచ్చింది. రెండో పక్షం, ఇది పని, చేసేవాళ్ళు శ్రామికులు, నేరచట్టం దీని జోలికి రాకూడదంటుంది. న్యూజిలాండు 2003లో ఆ దారి పట్టింది. సోనాగాచీలో 1995లో ఏర్పడ్డ దర్బార్ మహిళా సమన్వయ కమిటీ వంటివి మన దగ్గర ఈ వాదాన్ని వినిపించాయి. 2013 ఫిబ్రవరి ఆర్డినెన్సులో మనుషుల రవాణా నిర్వచనం కింద వ్యభిచారం అన్న మాట చేర్చితే, ఆ సంఘాలు అభ్యంతరం చెప్పాక చట్టంలో లైంగిక దోపిడీ అని మార్చారు. 2018లో లోక్‌సభ ఆమోదించిన కొత్త బిల్లు రాజ్యసభకు చేరక మురిగిపోయింది.

రెండు పక్షాలూ ప్రధానంగా ఒకటే ప్రశ్న అడుగుతున్నాయని నా ఫిర్యాదు. ఆమె ఇష్టపడి వచ్చిందా, లేదా? ఒకరు ఎవరూ ఇష్టపడి రారంటారు, ఇంకొకరు వచ్చినవాళ్ళ ఇష్టాన్ని గౌరవించమంటారు. అనంతపురం, కడప కరువు పల్లెలనుంచి పూణేకో, ముంబైకో, ఢిల్లీకో వెళ్ళిన తెలుగుపిల్లను ఈ ప్రశ్న అడగండి. వేరుశనగ ఎండిపోయిన ఏడు, ఊరికి తెలిసిన మనిషే, ఒక్కోసారి చుట్టరికం ఉన్న మనిషే, ఇంటిపనికనో పెళ్ళికనో చెప్పి, తల్లి చేతిలో కొంత అడ్వాన్సు పెట్టి తీసుకువెళ్తాడు. ఆ అడ్వాన్సుకు దారిఖర్చు కలుస్తుంది, చీరలు కలుస్తాయి, మందులు కలుస్తాయి, పోలీసు మామూలు కలుస్తుంది, జరిమానా కలుస్తుంది. కొన్నేళ్ళకు ఆమెను అడిగితే నా ఇష్టంతోనే ఉన్నానంటుంది. అబద్ధం కాదు. బాకీ ఉన్న మనిషి ఇష్టం అది. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు, ఆకలి తోసినా అది బలవంతమే, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకున్నది నిర్బంధ శ్రమేనంది. ఆ తీర్పు ఇరవైమూడో అధికరణం మీద వచ్చిందే. అందులో మొదటి సగమైన మనుషుల వ్యాపారానికి ఆ తర్కాన్ని పట్టుదలగా ఎందుకు తీసుకురాలేదు?

ఇక్కడ మనమీద మనకూ విమర్శ ఉండాలి. అభ్యుదయ సాహిత్యంలో వేశ్య గురించి కథలకూ కవితలకూ తక్కువలేదు. పెట్టుబడిదారీ సంఘంలో అందరం అమ్ముడుపోతున్నామని చెప్పడానికి ఆమెను ప్రతీకగా వాడుకున్నాం. పెళ్ళికీ వ్యభిచారానికీ వేరు ఒకే చోట ఆస్తిలో ఉందని ఎంగెల్స్ 1884లోనే చెప్పాడు కాబట్టి మనకు సిద్ధాంతం కొరత కూడా లేదు. కాని పాలేరు బాకీ రద్దుకు ఊరూరా సంఘం పెట్టిన మనం, కంపెనీ పద్దు చించమని ఒక్క ఊరేగింపు తీయలేదు. ఆ సందులోకి వెళ్ళడం మనకూ చిన్నతనమే అయింది. నేను కూడా నలభై ఏళ్ళ ప్రాక్టీసులో జీతగాళ్ళ తరఫున కలెక్టరు ఆఫీసు మెట్లెక్కానే గాని, ఈ పని చేయలేదు.

1996లో హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ వాడను ఖాళీ చేయించారు. తరతరాలుగా ఉన్న ఇళ్ళనుంచి ఆడవాళ్ళు రోడ్డుమీద పడ్డారు. వాడను తుడిచేస్తే వ్యాపారం పోతుందనుకోవడం, గోడమీది రాత చెరిపితే బాకీ పోతుందనుకోవడం లాంటిదే. 2018లో యాదగిరిగుట్టలో పోలీసులు విడిపించిన ఆడపిల్లల్లో బడి ఈడు రానివాళ్ళున్నారు. 372, 373 సెక్షన్లు పుట్టి అప్పటికి 158 సంవత్సరాలు. ఆ సెక్షన్లు పుట్టింది సరిగ్గా అలాంటి పిల్లల కోసం.

2022 మే 19న సుప్రీంకోర్టు, వయసు వచ్చి తన ఇష్టంతో ఈ వృత్తిలో ఉన్న స్త్రీని దాడుల్లో అరెస్టు చేయవద్దనీ, జరిమానాలతో వేధించవద్దనీ, నేరం కంపెనీ నడపడమే గాని ఆమె బతకడం కాదనీ ఉత్తరువిచ్చింది. ఆ ధర్మాసనానికి పెద్ద ఎల్.నాగేశ్వరరావుగారు, ఆయనా తెలుగువారే. 1964కూ 2022కూ మధ్య ఎంతో దూరం నడిచామని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. ఆమెమీద నేరచట్టం ఉండకూడదన్న పక్షానే నా ఓటు. అయినా ఆ ఉత్తరువులో కూడా ఇష్టం అన్న మాట ఉంది, బాకీ అన్న మాట లేదు. 1976 చట్టం నిర్వచనం విశాలమైంది. అడ్వాన్సు తీసుకున్నందుకు మనిషి శ్రమను మరొకరు కట్టిపడేసుకుంటే ఏ పేరుతో పిలిచినా వర్తిస్తుంది. కంపెనీ గదికి వర్తించదని అందులో ఎక్కడా రాసిలేదు. జిల్లా మేజిస్ట్రేటుకు ఆ అధికారం ఇప్పుడూ ఉంది.

ఆ రోజు కోర్టు వదిలాక వరండాలో ఒకమ్మాయి గుమస్తా దగ్గరికి వచ్చింది. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. కొంగు అప్పటికి తీసేసింది. "గుమస్తా గారూ, ఆ యాభై రూపాయల రసీదు నాకిప్పిస్తారా?" అని అడిగింది. దేనికమ్మా అన్నాడాయన. "పద్దులో వంద అని రాస్తారండీ. చూపించడానికి" అంది. రసీదులన్నీ అప్పటికే కంపెనీ ఆవిడ గుడ్డసంచీలో ఉన్నాయి. ఆవిడ రిక్షా దగ్గర నిలబడి పిలుస్తోంది. ఆ అమ్మాయి నావైపు చూసింది. నల్లకోటు వేసుకుని ఉన్నాను గదా. నేనేమీ అనలేదు. ఆమె వెళ్ళి రిక్షా ఎక్కింది.